ఊరికి దూరంగా ఊరి పేరు

మొన్న మామిడిపళ్ళ రోజుల్లో మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వస్తూ, బెజవాడలో ప్యాసింజరు మారి, దిగాక ఫోన్ చేశాడు. "పిన్నీ, నూజివీడులో దిగాను. బయట ఎవర్నడిగినా ఇది జంక్షన్ అంటున్నారు. ఊరేదీ?" నాకు నవ్వాగలేదు. యాప్‌లో నూజివీడు అని ఉంటే, పాపం, మా వీధి చివర దిగుతాననుకున్నాడు. "అక్కడే ఉండు నాన్నా, బాబాయి బండేసుకుని వస్తున్నారు. దగ్గర దగ్గర 18 కిలోమీటర్లు" అన్నాను.

మా స్టేషన్ సంగతి ఇదీ. బోర్డు మీద నూజివీడు, ఉన్నది హనుమాన్ జంక్షన్‌లో. తమాషా ఏమిటంటే, జంక్షన్ అని పేరున్న ఊళ్ళో రైలు జంక్షన్ లేదు. అది రోడ్ల కూడలి. మద్రాసు-కలకత్తా రోడ్డూ, నూజివీడు నుంచి గుడివాడ వైపు పోయే రోడ్డూ కలిసేచోట ఆంజనేయస్వామి గుడి ఉంటే ఆ పేరొచ్చింది. 2001లో అదే పేరుతో వచ్చిన సినిమా చూసి ఊరంతా తెలుసనుకునేవాళ్ళకి ఈ తిరకాసు తెలీదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాక ఇంకో మెలిక పడింది. ఊరేమో ఏలూరు జిల్లాలోకి వెళ్ళిపోయింది, ఊరి పేరున్న స్టేషన్ కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది!

అసలు ఈ రైలు మనకోసం వేసింది కాదు. బెజవాడకి 1889లోనే నిజాం రైలు వచ్చేసింది. తర్వాత 1893-1896 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో బెజవాడ నుంచి కటక్ దాకా దారి తెరిచారు. మద్రాసు నుంచి బెజవాడకి 1899లో కలిపారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో పూర్తయ్యింది. ఆ దారి పాత ట్రంకు రోడ్డుకి దగ్గరగా పల్లంలోనే పోయింది. మా నూజివీడు దానికి ఉత్తరాన మెరకలో, తోటల మధ్య ఉండిపోయింది. కానీ మేకా వారి జమీందారీ ఊరు కదా, చుట్టుపక్కల పేరున్న ఊరు అదే. రైలు రాకపోయినా పేరు మాత్రం పట్టాల పక్కకి వెళ్ళింది.

1901లో ఈ దారి మద్రాసు రైల్వేకి, 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకి, 1951లో దక్షిణ రైల్వేకి, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేకి వెళ్ళింది. ఇన్ని చేతులు మారినా మాకు ఆ 18 కిలోమీటర్లలో ఒక్కటీ తగ్గలేదు.

ఆ దూరం ఎంతో మా అత్తగారిని అడగాలి. 1964లో కొత్తకోడలిగా బొగ్గింజను రైల్లో వచ్చి దిగింది. అక్కణ్ణించి ఎడ్లబండి. రెండు పక్కలా మామిడితోటలే, చీకటి పడితే దీపం లేదు. "మీ మామయ్య నిద్రపోయారు, ఎడ్లకి దారి తెలుసు, నాకే భయం" అంటుంది ఇప్పటికీ.

1971లో ఆవిడ నాన్నగారిని బెజవాడ ఆసుపత్రిలో చేర్చారని తెల్లవారుజామున కబురొచ్చింది. మొదటి బస్సు పట్టుకుని జంక్షన్‌లో దిగి పరిగెత్తేసరికి ప్యాసింజరు కదిలిపోతోంది. చివరి పెట్టె కనబడిందట. మద్రాసు మెయిల్లాంటివి ఇక్కడెందుకాగుతాయి? తర్వాతి బండి కోసం ప్లాట్‌ఫారం మీద చంటిపిల్లతో కూర్చుంది. వెళ్ళేసరికి అయిపోయింది. స్టేషన్ ఊళ్ళోనే ఉండుంటే అందేదాన్నని ఒక్కసారంటే ఒక్కసారి అంది నాతో, ఆవకాయకి కాయలు తుడుస్తూ.

మా వారి తరానికి ఎడ్లబండి పోయి బస్సూ, బండీ వచ్చాయి. ఏళ్ళ తరబడి జంక్షన్‌లో స్కూటర్ పెట్టి సీజన్ టికెట్టు మీద బెజవాడ ఉద్యోగానికి వెళ్ళొచ్చారు. ఆయన క్యారేజీ సర్దడానికి నేను నాలుగున్నరకి లేచేదాన్ని. తేలప్రోలు, పెదఅవుటపల్లి, గన్నవరం, ముస్తాబాద, గుణదల. వరసగా ఏ స్టేషన్లో ఎవరెక్కుతారో, ఎవరింట్లో పెళ్ళో అన్నీ సాయంత్రం నాకు చెప్పేవారు. 2020 మార్చిలో దేశమంతా ప్యాసింజర్లు ఆగిపోయాయి. మళ్ళీ మొదలయ్యాక పది రూపాయల కనీస టికెట్టు ముప్ఫై అయింది. రోజూ పాలూ, కూరలూ తెచ్చి అమ్ముకునేవాళ్ళకి అది చిన్న తేడా కాదు. 2024 ఫిబ్రవరిలో గానీ పాత ధర రాలేదు. ఈలోగా మా వారి రైలు స్నేహితులు సగంమంది బైకులకి మారిపోయారు. హైవే మీద బైకంటే ఇంట్లో మాకెంత గుబులో వేరే చెప్పాలా?

మా అక్క కొడుకు తిరుగు ప్రయాణానికి చిన్నరసాలూ, బంగినపల్లీ వేరువేరుగా వరిగడ్డి వేసి సర్దాను. రసాలు పైన పెట్టాను, నలిగితే కారిపోతాయి. వాడి బండి సాయంత్రం ఏడున్నరకి. నాలుగున్నరకే మా అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, తనూ స్టేషన్‌కి వస్తానని. "ఇంకా మూడు గంటలుంది అమ్మమ్మా" అన్నాడు వాడు. "ఉంటే ఉండనీ, అక్కడ కూర్చుందాం" అంది.