సెంటర్ క్యాప్ (కారు చక్రం)

సెంటర్ క్యాప్ అనగా కారు చక్రానికి నట్టనడుమ ఉండే రంధ్రాన్ని మూసివుంచే గుండ్రని చిన్న మూత. సాధారణంగా దీనిని ప్లాస్టిక్‌తో చేస్తారు. పైన తయారీ సంస్థ చిహ్నం ఉంటుంది. దీనిని, చక్రమంతా కప్పే పెద్ద తొడుగును కూడా వీల్ క్యాపు అనే పిలవడం వలన కొనేటప్పుడు పొరపాట్లు జరుగుతుంటాయి.

ఉపయోగం

ఎద్దుబండి ఇరుసు చివరనున్న కడసీల ఊడితే చక్రం జారిపోతుంది. ఈ మూత అటువంటిది కాదు. చక్రాన్ని నిలిపివుంచేవి చుట్టూ ఉన్న బోల్టులు, నట్లు మాత్రమే. అయితే కొన్ని కార్లలో దీని వెనుక, బేరింగును కాపాడే లోహపు డిప్ప వేరుగా ఉంటుంది. అందం కోసం పెట్టిన మూత అనుకొని ఆ డిప్పను ఊడదీస్తే కందెనలో దుమ్ము కలిసి బేరింగు పాడవుతుంది.

కడప జిల్లాలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎర్రగుంట్ల పరిసరాలలో నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. అక్కడి సన్నని రాతిపొడి, జమ్మలమడుగు నల్లరేగడి బురద, పులివెందుల చీనీతోటల దారుల మట్టి మూత అంచున పేరుకొని బిగుసుకొంటాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు ఏళ్ళ తరబడి మాడిన ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. మూతలు విరగడానికి తరచుగా కారణం ఈ రెండే.

తీయు విధానం

చక్రం చల్లారిన తరువాత అంచును నీటితో కడిగి మట్టి వదలనివ్వాలి. అంచున గాడి ఉంటే, గుడ్డ చుట్టిన చదునైన ప్లాస్టిక్ పనిముట్టును అందులో దూర్చి, ఒకేచోట బలం పెట్టక చుట్టూ కొద్దికొద్దిగా లేపవలెను. స్క్రూడ్రైవరు వాడితే అల్లాయ్ చక్రంపై గీతలు పడతాయి. గాడి లేని మూతను వెనుకనుండి నెట్టాలి. అందుకు చక్రాన్నే విప్పవలసి ఉంటుంది. అప్పుడు కారును గట్టి సమతల నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఎదుటి చక్రానికి రాయి అడ్డుపెట్టి, నట్లను కాస్త వదులు చేశాకనే జాకీ ఎత్తాలి. జాకీపై నిలిచిన కారు కిందికి ఎవరూ దూరరాదు. కొన్ని పెద్ద తొడుగులను చక్రపు నట్లే పట్టివుంచుతాయి. వాటిని లాగితే పగులుతాయి.

తిరిగి అమర్చుట

మూత వెనుకనున్న కొక్కేలను శుభ్రపరచి, విరిగినవి ఉన్నాయేమో చూడాలి. చిహ్నాన్ని సరిచూసుకొని, అరచేతితో అంచులపై సమంగా నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. సుత్తితో కొట్టరాదు. చక్రం విప్పివుంటే నట్లను ఎదురెదురు వరుసలో, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పినంత బిగించి, కొద్ది దూరం నడిపాక మరల పరీక్షించవలెను.

కొత్తది కొనేటప్పుడు పైభాగపు వ్యాసంతో పాటు కొక్కేల వలయపు వ్యాసాన్ని కూడా మిల్లీమీటర్లలో కొలవాలి. పాత మూతను వెంట తీసుకువెళ్ళడం అంతకన్నా సులువు.