సిమ్లా కథలో కానరాని మనవారు

ఇంగ్లండులోని చానెల్ 4 వారు 2015లో ప్రసారం చేసిన 'ఇండియన్ సమ్మర్స్' అనే ధారావాహికను ఈ చలికాలంలో మేము ఇంటిల్లిపాదీ కూర్చుండి చూచాము. 1932 నాటి సిమ్లా దానికి రంగస్థలం. ఎండలు ముదరగానే వైస్రాయి పరివారం ఢిల్లీ విడిచి కొండ ఎక్కడం, క్లబ్బులో విందులు, ఆ క్లబ్బు గడప దాటలేని భారతీయులు, ప్రభుత్వ కచేరీలో అఫ్రీన్ దలాల్ అనే పార్సీ గుమాస్తా, ఇదీ కథ. క్లబ్బు నడిపే ఇల్లాలిగా జూలీ వాల్టర్స్ నటన మెచ్చదగినది. దుస్తులు, దీపాలు, పింగాణీ పాత్రలు కన్నుల పండుగగా ఉన్నవి, కాదనము.

మూడవ భాగం నడుస్తూ ఉండగా మా మనవరాలు అడిగినది: "ఆజా, ఇందులో మనవాళ్లు ఎవరు?" ఫిజీ ఇండ్లలో తాతను ఆజా అంటారు. 'తాతయ్య' అనే మాట ఆమె, మేము కూడా, ఇక్కడి సాయంకాలపు తెలుగు తరగతిలోనే నేర్చుకొన్నాము. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. పెట్టెలు మోసే కూలీలు తెర మీద క్షణకాలం కనబడి పోతారు. వారికి పేర్లు లేవు.

మనవారు అప్పటికి సిమ్లాలోనే కాదు, హిందూదేశంలోనే లేరు. ఫిజీకి 1879లో కలకత్తా నుండి, 1903లో మద్రాసు నుండి కూలీల ఓడలు బయలుదేరసాగినవి. 1916 వరకు వెళ్లినవారు 60,000కు పైగా. అందులో సుమారు నాలుగవ వంతు మద్రాసు రేవులో ఎక్కినవారు. ఉత్తర ఆర్కాటు, తంజావూరు వారితో పాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువారు. అయిదేండ్ల ఒప్పందం. అగ్రిమెంటు అన్న మాటే కూలీల నోట గిర్మిట్ అయినది. రోజు పని పూర్తి చేస్తే మగవానికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. పూర్తి కాకపోతే ఆ కూలి దక్కేది కాదు, శిక్షలు కూడా ఉండేవి. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల గదులలో కాపురం. మా తాతగారు ఆ గదులను గురించి ఎన్నడూ మాట్లాడలేదని మా నాన్నగారు చెప్పేవారు.

అయితే సిమ్లాకు మనకు సంబంధమే లేదనుకోరాదు. వేసవిలో భారత ప్రభుత్వం మొత్తం కాగితాలతో సహా ఆ కొండ మీదికే చేరేది. వలసల వ్యవహారం ఆ ప్రభుత్వం చేతిలోనిదే. కనుక అఫ్రీన్ వంటి గుమాస్తాలు మోసిన కాగితాల కట్టలలో మన పూర్వులు కూడా అంకెలుగా ఉండియుందురు. ఈ పద్ధతిని రద్దు చేయాలని 1912లో గోపాలకృష్ణ గోఖలే వైస్రాయి శాసనసభలో తీర్మానం తెచ్చారు, అది ఓడినది. 1915లో సి. ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ అనే ఇద్దరు ఫిజీకి వెళ్లి కూలీల లైన్లు స్వయంగా చూచి, నివేదిక వ్రాశారు. 1916లో మదనమోహన మాలవీయ మరల తీర్మానం తేగా వైస్రాయి హార్డింజి అంగీకరించారు. ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ 1920 జనవరి 1న రద్దయినవి.

ఇంకొక చిత్రమైన సంగతి. ఈ ధారావాహికను సిమ్లాలో తీయలేదు, మలేసియాలోని పెనాంగు దీవిలో తీశారు. పెనాంగు రేవులోనే కదా తమిళ, తెలుగు కూలీలు ఓడ దిగి చెరకు, రబ్బరు, కొబ్బరి తోటలకు నడిచినది! కథలో చోటు దక్కనివారు అడుగుపెట్టిన నేలనే కథకు సిమ్లాగా అలంకరించారు. ఇది తెలిసిన తరువాత మేము ప్రతి దృశ్యంలోను వెనుక నిలబడిన వారి ముఖాలనే చూడసాగాము.

కథ జరిగిన ఆ 1932లో ఫిజీలోని మనవారు చక్కెర కంపెనీ వద్ద కౌలుకు తీసుకొన్న పదేసి ఎకరాలలో చెరకు నాటుతున్నారు. 1929లో మొదటిసారి ఎన్నికైన ముగ్గురు భారతీయ సభ్యులు, అందరికీ ఒకే ఓటర్ల జాబితా కావాలని కోరి, అది దొరకక శాసనసభ నుండి బయటికి నడిచారు. పొలంలో ఓవర్సీరు భాష హిందుస్తానీ, సంతలోనూ అదే. తెలుగు ఇంటిలోనే మెల్లగా అడుగంటినది. దానిని నిలపాలని పెద్దలు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం స్థాపించారు. మా ఇంటికి మాత్రం ఆ ప్రయత్నం ఆలస్యంగా చేరినది.

టెలివిజన్ వారిని ఒక్కరినే నిందించడం న్యాయం కాదు. 1987 సైనిక తిరుగుబాటు తరువాత మేము కెనడాకు వచ్చి, పదవీ విరమణ వరకు ఇక్కడి బడిలో చరిత్ర బోధించాము. ట్యూడర్ రాజుల పేర్లు వరుసగా చెప్పించాము. గిర్మిట్ అన్న మాట నల్లబల్ల మీద ఒక్కసారి కూడా వ్రాయలేదు. ఎవరూ వద్దనలేదు. మాకే తోచలేదు.

మనవరాలి ప్రశ్న తరువాత, సువాలోని జాతీయ దస్తావేజుల భాండారం నుండి ఏనాడో తెప్పించుకొన్న మా తాతగారి వలస పాసు నకలును పెట్టెలోంచి తీశాము. తండ్రి పేరు, వయస్సు, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తు అన్నీ ఉన్నవి. జిల్లా విశాఖపట్నం. ఊరి పేరు ఇంగ్లీషులో ఉన్నది. గుమాస్తా విన్నట్లు వ్రాసుకొన్నాడు. అందులోని 't' టకారమో తకారమో, 'l' లకారమో ళకారమో తెలియదు. రెండచ్చులు పొట్టివో పొడుగువో చెప్పలేము. మనవరాలు వీలైన రూపాలన్నీ తెలుగు లిపిలో వ్రాసినది. పదహారు వచ్చినవి. అందులో నాలుగింటిని మా పంతులమ్మగారు చూచి, తెలుగులో ఊరి పేరు ఇలా ఉండదని కొట్టివేశారు. పన్నెండు మిగిలినవి. ఆదివారాలు పటం ముందు వేసుకొని ఒక్కొక్కటి వెదుకుతున్నాము. ధారావాహికలో రెండవ భాగావళి ఇంకా చూడలేదు.