అల్తమీరా గుహలోని అడవిదున్నలు

మనిషి రాత నేర్వకముందే బొమ్మ వేశాడని ఇవాళ మన ఇళ్ళలోని బడిపిల్లలకు కూడా తెలుసు. ఈ మాట చెప్పినందుకే ఒక పెద్దమనిషి పరువు పోగొట్టుకున్నాడని చాలామంది ఎరుగరు. అందుకే ఈ సంగతి రాస్తున్నాము.

ఉత్తర స్పెయిన్‌లో అల్తమీరా అనే గుహ ఉంది. 1879లో సౌతువోలా అనే భూస్వామి అక్కడ నేల తవ్వి రాతి పనిముట్లు వెతుకుతున్నాడు. వెంట వచ్చిన ఎనిమిదేళ్ళ కూతురు మరియా పైకి చూసి, "నాన్నా, ఎద్దులు!" అన్నదట. తండ్రి చూపు నేలమీద, పిల్ల చూపు కప్పుమీద!

అవి ఎద్దులు కావు, బైసన్ అనే అడవిదున్నలు. 15 వేల ఏళ్ళకు పైబడినవి. జేగురు, బొగ్గు తప్ప వేరే రంగుల్లేవు. రాయి ఉబ్బిన చోటు చూసుకుని, అక్కడికే దున్న ఒళ్ళు వచ్చేట్టు గీశారు. ఇది మామూలు పనితనమా!

1880లో సౌతువోలా పుస్తకం అచ్చువేస్తే పండితులు నమ్మలేదు. ఆదిమానవుడికి ఇంత చేతనా అన్నారు. ఎవరో చిత్రకారుడిచేత వేయించాడని నింద కూడా వేశారు. ఆ నిందతోనే ఆయన 1888లో కన్నుమూశాడు.

1895 నుంచి ఫ్రాన్సు గుహల్లోనూ అలాంటి బొమ్మలు బయటపడ్డాయి. 1902లో, కాదన్నవారిలో ముఖ్యుడైన కార్తైయాక్ తన తప్పు ఒప్పుకుంటూ వ్యాసం రాశాడు. అప్పటికి సౌతువోలా పోయి 14 ఏళ్ళు. మరియా మాత్రం బతికే ఉంది.