పైన ఇల్లు ఒకరిది, కింద చమురు ఇంకొకరిది

టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో ఊళ్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఎన్నో. రిజిస్ట్రేషన్ రోజు చేతికొచ్చే కాగితాల కట్టలో చాలామంది పట్టించుకోని వాక్యం ఒకటి తరచుగా ఉంటుంది. ఈ స్థలం కింద ఉన్న చమురు, గ్యాసు, ఇతర ఖనిజాల హక్కులు ఈ అమ్మకంలో చేరవు అని దాని సారాంశం. ఎప్పుడో ఆ నేలలో పత్తి పండించిన రైతు పొలం అమ్మేటప్పుడు అడుగున ఉన్నది తనకే ఉంచుకుని ఉంటాడు. ఆయన తరవాత అది పిల్లలకు, మనవలకు, మునిమనవలకు పంచుకుంటూ పోయింది. వాళ్లలో కొందరు ఆ ఊరి మొహం కూడా చూసి ఉండరు. అయినా హక్కు హక్కే.

ప్రపంచంలో చాలా దేశాల్లో నేల అడుగున ఉన్న చమురు ప్రభుత్వానిది. అమెరికాలో దాన్ని మామూలు మనిషి సొంతం చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, లీజుకివ్వచ్చు, వీలునామాలో మనవరాలి పేర రాయొచ్చు. ఈ దేశపు చమురు చరిత్రలో కంపెనీలు, కోటీశ్వరులు ఎంత ముఖ్యమో, ఈ వారసత్వ కాగితాలూ అంతే ముఖ్యం.

టెక్సస్‌లో మొదటినుంచీ ఇలా లేదు. స్పెయిన్ ఏలుబడిలో రాజు భూమి ఇచ్చినా ఖనిజాలు తన దగ్గరే ఉంచుకునేవాడు. మెక్సికో, ఆ తరవాత టెక్సస్ రిపబ్లిక్ అదే పద్ధతి కొనసాగించాయి. దాన్ని మార్చింది చమురు కాదు, ఉప్పు. రాష్ట్రం దక్షిణపు కొసన హిడాల్గో కౌంటీలో సాల్ డెల్ రే అనే ఉప్పు సరస్సు ఉంది. ఆ ఉప్పు ప్రభుత్వానిదా, భూమి యజమానిదా అన్న తగాదా అంతర్యుద్ధం ముగిసేనాటికి బాగా ముదిరింది. 1866 రాజ్యాంగంలో టెక్సస్ ఖనిజాలను భూమి యజమానులకే వదిలేసింది. 1876 రాజ్యాంగం ఆ మాటను ఖాయం చేసింది. పాతికేళ్లు తిరిగేసరికి, 1901 జనవరి 10న, బ్యూమాంట్ దగ్గర స్పిండిల్‌టాప్ బావి నుంచి చమురు ఆకాశంలోకి చిమ్మింది. రోజుకు దాదాపు లక్ష పీపాలు. ఉప్పు కోసం రాసుకున్న నియమం చమురు యజమానులను తయారుచేసింది.

అప్పటి కోర్టులకు భూగర్భశాస్త్రం పెద్దగా తెలియదు. 1889లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు చమురును, గ్యాసును అడవి జంతువులతో పోల్చింది. ఎవరి నేలలో ఉన్నంతసేపు వాళ్లవి, పక్కవాడి నేలలోకి పోతే పక్కవాడివి. దాంతో పక్కవాడి బావి మన చమురు లాగేయకముందే మనం తవ్వాలన్న తొందర పుట్టింది. 1930 అక్టోబరులో డాడ్ జాయినర్ అనే డెబ్భై ఏళ్ల వృద్ధుడు తూర్పు టెక్సస్‌లో డేజీ బ్రాడ్‌ఫర్డ్ అనే వితంతువు పొలంలో చమురు కనిపెట్టాడు. డబ్బు పోగు చేయడానికి ఒకే వాటాను చాలామందికి అమ్మి చిక్కుల్లో పడి, చివరికి తన లీజులన్నీ హెచ్.ఎల్. హంట్ అనే చమురు వ్యాపారికి అమ్మేశాడు. చుట్టుపక్కల జనం ఇళ్ల పెరళ్లలో సైతం బావులు తవ్వించారు. ఏడాది తిరగకుండానే పీపా ధర పది సెంట్ల దాకా పడిపోయింది. 1931 ఆగస్టులో గవర్నరు సైన్యాన్ని దించి బావులు మూయించాల్సి వచ్చింది.

ఈ హక్కులు పేదలను కూడా ధనవంతులను చేశాయి. ఆ ధనం కోసం వాళ్ల మీద పడ్డవాళ్లూ తక్కువ కాదు.

1902లో ఓక్లహోమాలో పుట్టిన సారా రెక్టర్ క్రీక్ తెగవారి దగ్గర బానిసలుగా బతికిన నల్లజాతివారి సంతతి. తెగ భూముల పంపకంలో ఆ పిల్లకు 160 ఎకరాలు దక్కాయి. సాగుకు పనికిరాని రాతినేల. ఏటా ముప్పై డాలర్ల పన్ను కట్టలేక తండ్రి అమ్మేస్తానంటే కోర్టు ఒప్పుకోలేదు. అందుకని 1911లో చమురు లీజుకిచ్చాడు. 1913లో అక్కడ పడిన బావి రోజుకు 2,500 పీపాలు ఇచ్చింది. పదకొండేళ్ల పిల్లకు రోజుకు సుమారు మూడు వందల డాలర్ల రాబడి. మైనర్ల ఆస్తి కోర్టులు నియమించే సంరక్షకుల చేతుల్లో ఉండే రోజులవి. ఆ పిల్లను సరిగా చూస్తున్నారా అని బుకర్ టి. వాషింగ్టన్, డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ వంటి నల్లజాతి నాయకులు ఆరా తీయాల్సి వచ్చింది.

అదే రాష్ట్రంలోని ఓసేజ్ తెగది మరింత ఘోరమైన కథ. 1906లో భూమిని పంచుకున్నప్పుడు వాళ్లు ఖనిజాలను మాత్రం తెగ ఉమ్మడి ఆస్తిగా ఉంచుకున్నారు. రాబడిలో 2,229 వాటాలు వేసి మనిషికొకటి ఇచ్చారు. ఆ వాటాను అమ్మడానికి వీల్లేదు, వారసత్వంగా మాత్రమే వస్తుంది. అందుకే 1920లలో కొందరు తెల్లవాళ్లు ఓసేజ్ స్త్రీలను పెళ్లాడి, బంధువులను ఒకరి తరవాత ఒకరిని చంపించారు. విషం, తుపాకి, బాంబు అన్నీ వాడారు. సూత్రధారుల్లో ఒకడైన విలియం హేల్‌కు 1929లో జీవితఖైదు పడింది. సగం గానీ అంతకు మించి గానీ ఓసేజ్ రక్తం ఉన్నవారి వాటా బయటివాళ్లకు వారసత్వంగా పోకూడదని 1925లోనే కాంగ్రెస్ చట్టం చేయాల్సి వచ్చింది.

ఈ కాలపు వారసుల తలుపు తట్టేది ల్యాండ్‌మన్. కంపెనీ తరఫున కౌంటీ కోర్టుకు వెళ్లి, దస్తావేజుల పుస్తకాలు తిరగేసి, ముత్తాత నుంచి మునిమనవడి దాకా వాటాలు లెక్కకడతాడు. తరవాత లీజు పట్టుకొస్తాడు. కాగితం నెత్తిన చాలాసార్లు ‘ప్రొడ్యూసర్స్ 88’ అని అచ్చు వేసి ఉంటుంది. చూసినవాళ్లు అందరికీ ఒకటే ఇచ్చే ప్రభుత్వ ఫారం అనుకుంటారు. ఆ పేరుతో ఎన్నో రకాల ఫారాలు ఉన్నాయి, షరతులు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటాయి. ఆ పేరు చెప్పినంత మాత్రాన షరతులేమిటో తేలవని టెక్సస్‌లో 1933లోనే తీర్పు వచ్చింది.

లీజులో చూడాల్సినవి కొన్నే. సంతకం పెట్టగానే ఎకరానికి ఇంతని వచ్చేది బోనస్. కంపెనీ బావి తవ్వడానికి ఉన్న గడువు మూడేళ్లో, అయిదేళ్లో ఉంటుంది. చమురు పడితే అది వస్తున్నంతకాలం లీజు కొనసాగుతుంది, మనవల కాలం దాకా కూడా. అమ్మకం డబ్బులో వాటా రాయల్టీ. ఒకప్పుడు ఎనిమిదో వంతు అంటే మారుమాట ఉండేది కాదు. ఇప్పుడు మంచి ప్రాంతాల్లో బేరమాడినవాళ్లకు నాలుగో వంతు దొరుకుతోంది.

ఆ తేడా ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. నాయనమ్మకు 80 ఎకరాల ఖనిజ హక్కు ఉంది, నలుగురు మనవలు. ఒక్కొక్కరికి 20 ఎకరాలు. ఆ బావి లెక్కలో కలిపే మొత్తం నేల, అంటే యూనిట్, 640 ఎకరాలు. నెలకు పది లక్షల డాలర్ల చమురు అమ్మితే, నాలుగో వంతు రాయల్టీ మీద ఒక్కో మనవడికి వచ్చేది 7,812 డాలర్లు. ఎనిమిదో వంతుకు సంతకం పెట్టి ఉంటే 3,906. షేల్ అనే రాతిపొరలో తవ్వే బావుల్లో మొదటి ఏడాదే ఉత్పత్తి సగానికి పైగా పడిపోవడం మామూలు. మొదటి చెక్కు చూసి అప్పు చేసి ఇల్లు కట్టుకున్నవాళ్లు రెండో ఏడాది ఇబ్బంది పడతారు.

కోతలు ఇంకో సంగతి. గ్యాసును శుద్ధి చేసి, పైపులో పంపి, మార్కెట్‌కు చేర్చే ఖర్చులో రాయల్టీదారు కూడా భాగం పెట్టుకోవాలా? లీజులో ఉన్న మాటే తేలుస్తుంది. 1996లో టెక్సస్ సుప్రీంకోర్టు, కోతలు వద్దని లీజులో రాసుకున్నవాళ్లను కూడా ఆ రాత తీరు సరిగా లేదని ఓడించింది. 2015లో ఒక కుటుంబం మాత్రం చెసపీక్ కంపెనీ మీద గెలిచింది. తమ రాయల్టీ ఖర్చులు లేనిది అని వాళ్లు గట్టిగా రాయించుకున్నారు. దానివల్ల తిరిగొచ్చింది అయిదు లక్షల డాలర్లకు పైనే.

డల్లస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతం ఇదంతా కళ్లారా చూసింది. జార్జ్ మిచెల్ కంపెనీ 1990ల చివర్లో బార్నెట్ షేల్ నుంచి గ్యాసు తీసే కిటుకు పట్టాక ఊళ్ల మధ్యే బావులు వెలిశాయి. 2008లో ఫోర్ట్‌వర్త్ కాలనీల్లో బోనస్ ఎకరానికి ఇరవై వేల డాలర్లు దాటింది. ఆ ఏడాది చివరికి గ్యాసు ధర కూలింది, బేరాలు ఆగిపోయాయి. హక్కు లేని ఇంటివాళ్లకు మిగిలింది లారీల రొద. టెక్సస్ చట్టం ప్రకారం ఖనిజ హక్కుదే పైచేయి. అవసరమైన మేరకు నేలను వాడుకునే అధికారం దానితోపాటే వస్తుంది. రైతు అప్పటికే వాడుకుంటున్న నీటియంత్రానికి అడ్డురాని వేరే దారి ఉంటే గెట్టీ చమురు కంపెనీ దాన్ని పట్టాల్సి రావచ్చని టెక్సస్ సుప్రీంకోర్టు చెప్పడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. డెంటన్ ఊరివాళ్లు 2014 నవంబరులో ఓటు వేసి ఫ్రాకింగ్‌ను, అంటే నీటి ఒత్తిడితో రాతిపొర పగలగొట్టి గ్యాసు తీయడాన్ని, నిషేధిస్తే, ఆరు నెలల్లో రాష్ట్రం చట్టం చేసి ఆ నిషేధాన్ని చెల్లకుండా చేసింది.

కోనసీమ పాఠకుడికి ఈ కథ దూరపుది కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అక్కడి రైతుకు తన కొబ్బరితోట కింద ఉన్న గ్యాసులో వాటా లేదు. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి చేరుతుంది. తోటలోంచి పైపు వేస్తే 1962 నాటి పైపులైన్ల చట్టం కింద వాడుక హక్కుకు వచ్చేది భూమి విలువలో పది శాతం, పాడైనవాటికి పరిహారం.

అమెరికా పద్ధతిని దిగుమతి చేసుకోమనడం తగదు. అది ఒక వారసుడికి లక్షలు, పక్కింటివాడికి రొద ఇచ్చే పద్ధతి. అయితే కింద ఉన్న సంపదలో పైన బతికేవాళ్లకు భాగం ఉండాలన్నది న్యాయమైన మాట. ఆ దారి మన దేశంలోనే ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధులు పెట్టారు. బొగ్గు, ఇనుము తవ్వే కంపెనీలు రాయల్టీ మీద పది నుంచి ముప్పై శాతం దాకా ఆ జిల్లాల జనం కోసం కట్టాలి. చమురు, గ్యాసు ఆ చట్టం పరిధిలో లేవు. వాటినీ అలాంటి నిధి కిందికి తెమ్మని కోనసీమ పంచాయతీలు, శాసనసభ్యులు, ఎంపీలు గట్టిగా అడగాలి.