మాంత్రికులూ, కత్తివీరులూ, మన వూళ్ళ పాఠకులూ

సాహిత్య చరిత్ర రాసేవారు రచయితల పేర్లు చెబుతారు, గ్రంథాల పేర్లు చెబుతారు. చదివినవాళ్ళు ఏమనుకున్నారో చెప్పేవారు తక్కువ. అందులోనూ కోయంబత్తూరు, మధుర వంటి చోట్ల తెలుగు చదువుకున్నవారి అభిప్రాయాలు ఏ పత్రికకూ ఎక్కలేదు. అవి వీధి అరుగుల మీదా, మగ్గాల దగ్గరా, పెళ్ళి పందిళ్ళలోనూ పుట్టి అక్కడే పోయాయి. కొన్నేళ్ళుగా ఈ రెండు వూళ్ళలోనూ నాకు తెలిసిన పెద్దల్ని ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాను: చిన్నప్పుడు చందమామలో మాంత్రికుల సీరియళ్ళు చదివారు కదా, వాటి గురించి మీరేమనుకునేవారు? ఆ జవాబులలో మన చరిత్ర కొంత వుందని నా నమ్మకం.

ముందు మన వెనకటి కథ కొంచెం చెప్పాలి. 1529లో విశ్వనాథ నాయకుడు మధుర పాలకుడయ్యాక ఈ ప్రాంతానికి తెలుగువారి రాక ఎక్కువైంది. సైనికులు, సేద్యగాళ్ళు, నేతగాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. మధుర నాయకుల కొలువులో తెలుగు వచనానికి దొరికిన ఆదరణ అంతకు ముందు మరెక్కడా దొరకలేదు. విజయరంగ చొక్కనాథుడి కాలంలో (1706–1732) సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో రాశాడు. రాజు కూడా వచనకర్తే. ఆ కొలువు పోయాక రాజాశ్రయం పోయింది, బడిలో తెలుగు పలచబడింది. కోయంబత్తూరులో మిల్లులు లేచాయి. 1910లో మొదలైన లక్ష్మీ మిల్లు వంటివాటిని నడిపినవారిలోనూ, వాటిలో పనిచేసినవారిలోనూ తెలుగు ఇళ్ళవారు ఎందరో. అయినా ఇంట్లో తెలుగు మాట, బయట తమిళ రాత అన్నదే మనకు మిగిలింది.

ఇటువంటి ఇళ్ళలోకి చందమామ వచ్చింది. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి దాన్ని ప్రారంభించారు. ఆ ఏడే తమిళంలో అంబులిమామ కూడా వచ్చింది. 1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం చేపట్టారు. ఆ ఏడే దాసరి సుబ్రహ్మణ్యం కూడా అక్కడ చేరారు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. ఇవన్నీ ఆయన రాసినవే. కాని పత్రికలో ఆయన పేరు వుండేది కాదు. నేను అడిగినవారిలో సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు, ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు అన్న పేర్లు గడగడా చెప్పినవాళ్ళు వున్నారు. రచయిత పేరు చెప్పినవాళ్ళు ఇద్దరే. బొమ్మలు వేసిన చిత్ర పేరు మాత్రం చాలామందికి గుర్తుంది. బొమ్మ కింద సంతకం వుండేది కదా!

కత్తి పట్టిన వీరుడు, మంత్రదండం పట్టిన క్షుద్రుడు ఎదురుపడే కథలు పడమటి దేశాల్లోనూ వున్నాయి. అమెరికాలో రాబర్ట్ హోవార్డ్ సృష్టించిన కోనన్ 1932లో తొలిసారి అచ్చయ్యాడు. సుబ్రహ్మణ్యం పుట్టిందీ ఆ ఏడే. కాని మన కథలకు మూలాలు వెతకడానికి అంత దూరం పోనక్కరలేదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు ముందే వున్నాయి. 1951లో నాగిరెడ్డి, చక్రపాణులే తీసిన పాతాళభైరవి తెలుగు, తమిళాలు రెంటిలోనూ వచ్చి, నేపాళ మాంత్రికుణ్ణి ప్రతి ఇంటికీ పరిచయం చేసింది.

ఇక పాఠకుల మాటలు. పెద్దవాళ్ళ అభ్యంతరం మొదటిది. దయ్యాలూ, క్షుద్రపూజలూ చదివితే పిల్లల బుద్ధి పాడవుతుందని కొందరు తండ్రులు పుస్తకం దాచేసేవారట. దీనికి అప్పటి పిల్లలు ఇప్పుడు చెప్పే జవాబు గట్టిదే: ఆ కథల్లో మాంత్రికుడు ఎంత గొప్పవాడైనా చివరికి చెడేవాడే, గెలిచేది ధైర్యమూ, సమయస్ఫూర్తీ, స్నేహమూ. చదివి మంత్రాలు నమ్మినవాడు తమలో ఒక్కడూ లేడని వాళ్ళంటారు.

రెండో ఫిర్యాదు ఆడవాళ్ళది. కత్తి పట్టేది ఎప్పుడూ మగవాడేనా అని మధురలో ఒక పెద్దావిడ నన్నే నిలదీశారు. నాగమల్లి వంటి ఒకరిద్దరు తప్ప తమకు ఆ అడవుల్లో చోటు లేదన్నారు. అది న్యాయమైన మాట. మూడో మాట, కథలన్నీ ఒకే పోలికలో వుంటాయని. ప్రయాణం, అడవి, శిథిల నగరం, వింత మృగం, మాంత్రికుడు, మళ్ళీ ప్రయాణం. వరసగా పుస్తకంలో చదివితే ఇది నిజమే. కాని నెలకు కొన్ని పేజీల చొప్పున, ప్రమాదం అంచున “ఇంకా వుంది” అని ఆగే కథను అలా తూచరాదు. ముందు జరిగిన కథ ప్రతిసారీ క్లుప్తంగా ఇచ్చేవారు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లకు తెలిసిన సంగతే మళ్ళీ చదవడం ఎంత సాయమో ఉపాధ్యాయులకు తెలుసు.

పాఠకుల మాటకు పత్రికే లొంగిన సందర్భం ఒకటి వుంది. 1960ల నడుమ మాంత్రికుల సీరియళ్ళు చాలించి బంకించంద్రుని దుర్గేశనందినిని వేశారు. గొప్ప నవలే. కాని పిల్లలకు నచ్చలేదనీ, అమ్మకాలు తగ్గాయనీ, అందుకే పాతాళదుర్గంతో సుబ్రహ్మణ్యాన్ని మళ్ళీ రంగంలోకి దించారనీ చందమామ సంగతులు తెలిసినవారు చెబుతారు. విమర్శకులు పట్టించుకోని పిల్లలు ఆ విధంగా తమ తీర్పు ఇచ్చారు.

మన వూళ్ళకు ప్రత్యేకమైన అభిప్రాయం మరొకటి. కోయంబత్తూరు పెద్దాయన ఒకరు అది మన తెలుగు కాదనేవారు. మన ఇళ్ళ మాటలో తమిళం కలిసి వుంటుంది. చందమామది కృష్ణా, గుంటూరు వైపు శిష్టుల వాడుక. మొదట్లో అది పరాయి మాటలా తోచేదట. అయినా ఆయన చదవడం మానలేదు. అంబులిమామలో అదే కథ, అవే బొమ్మలు. తమిళంలో కథ తెలుసుకుని, తెలుగు ప్రతి ముందు పెట్టుకుని, బొమ్మల సాయంతో అక్షరాలు పోల్చుకునేవారు. ఏ బడీ నేర్పని తెలుగు లిపిని ఒక మాంత్రికుడు నేర్పాడు! మా అవ్వకు ఏ లిపీ రాదు. మేము అంబులిమామ చదివి వినిపిస్తే, ఆమె మళ్ళీ పొరుగు పిల్లలకు తన తెలుగులో చెప్పేది. ఆమె నోట రాకాసిలోయ మా వూరి కొండల్లోనే వుండేది.

ఇప్పుడు పరిస్థితి వేరు. 1978లో చిత్ర, 1980లో కుటుంబరావు, 2010లో సుబ్రహ్మణ్యం వెళ్ళిపోయారు. చందమామ అచ్చు కూడా ఆగిపోయి చాలా ఏళ్ళయింది. 2006 నాటి చట్టంతో తమిళనాట బడుల్లో తమిళం తప్పనిసరి మొదటి భాషయింది. నాలుగు వందల ఏళ్ళు నోట నిలిచిన భాష చదివే అలవాటు లేక జారిపోతూంటే, ప్రబంధాలు చదవమని పిల్లలకు చెబితే ఏం లాభం? ఆ సీరియళ్ళు పుస్తకాలుగా వచ్చాయి. సంఘాల వార్షికోత్సవాల్లో శాలువాలకయ్యే ఖర్చులో కొంత పెడితే ప్రతి పేటలోనూ ఒక బీరువా నిండుతుంది. వారానికొక భాగం పెద్దలు చదివి, ప్రమాదం దగ్గర ఆపేస్తే చాలు. తరువాతిది పిల్లలే చదువుకుంటారు.

ఆనాటి పాఠకులు ఇంకా మన మధ్య వున్నారు, ఎక్కువమంది డెబ్బై దాటినవారు. వాళ్ళు మెచ్చుకున్నదీ, తిట్టుకున్నదీ కూడా రాసిపెట్టుకోవడం మన పని. ఏకాక్షిని ఎరిగిన మీ ఇంటి పెద్దల్ని ఈ నెలలోనే అడగండి. వాళ్ళు చెప్పినది వాళ్ళ మాటలోనే రాసి ఈ పత్రికకు పంపండి.