సొంత గిట్ సర్వర్ పెడుతున్నారా? పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు.. ఇవి తెలుసుకోండి!

నరసరావుపేట: ఫైనలియర్ ప్రాజెక్టు అంటే నలుగురైదుగురు కలిసి ఒకే కోడ్ మీద పనిచేయాలి. అందుకే చాలామంది గిట్ వాడతారు. కోడ్ బయటి కంపెనీ దగ్గర ఎందుకు, కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసులోనో ఒక పాత కంప్యూటర్‌లో పెట్టుకుంటే సరిపోదా అనుకునేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ ఇలాగే సొంత గిట్‌ల్యాబ్ సర్వర్ నడుపుతోంది. పెట్టుకోవడం తేలికే.. కాపాడుకోవడమే అసలు పని.

పీహెచ్‌పీకి ఏం జరిగింది?

2021 మార్చి 28న పీహెచ్‌పీ ప్రాజెక్టు సొంత గిట్ సర్వర్‌లోకి రెండు దొంగ మార్పులు వచ్చాయి. అవి పీహెచ్‌పీ సృష్టికర్త రాస్మస్ లెర్డార్ఫ్, మరో డెవలపర్ నికితా పోపోవ్ పేర్లతో ఉన్నాయి. చిన్న అక్షరదోషం సరిచేసినట్టు చూపించి, లోపల దొడ్డిదారి పెట్టారు. విడుదలకు ముందే గుర్తించడంతో ముప్పు తప్పింది. మొదట సర్వరే హ్యాక్ అయిందనుకున్నారు. తర్వాత యూజర్ల డేటాబేస్ లీకై ఉండొచ్చని తేల్చారు. అక్కడ పాస్‌వర్డ్‌లు పాతకాలపు ఎండీ5 పద్ధతిలో ఉన్నాయి. చివరికి ప్రాజెక్టును గిట్‌హబ్‌కు మార్చేశారు.

రెండు ప్రశ్నలు వేరు

వచ్చింది ఎవరు అని తేల్చేది అథెంటికేషన్. దారిలో ఎవరూ చదవకుండా చూసేది ఎన్‌క్రిప్షన్. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

ఏ దారి ఎలాంటిది?

* గిట్ ప్రోటోకాల్ (పోర్టు 9418): లాగిన్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. అందరికీ తెలిసిన కోడ్ చదవడానికి తప్ప పనికిరాదు. గిట్‌హబ్ దీన్ని 2022 మార్చిలో ఆపేసింది.
* సబ్‌వెర్షన్ సర్వర్ (పోర్టు 3690): మామూలు సెట్టింగ్‌లో పాస్‌వర్డ్‌లు ఫైల్‌లో ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. కోడ్ కూడా ఎన్‌క్రిప్ట్ కాకుండానే వెళ్తుంది. ఎస్ఎస్‌హెచ్ మీద నడపడం మేలు.
* ఎస్ఎస్‌హెచ్ (పోర్టు 22): చిన్న టీమ్‌కు ఇదే బెస్ట్. ఒక్కొక్కరికి ఒక ఈడీ25519 కీ, దానికి పాస్‌ఫ్రేజ్ పెట్టుకోవాలి. సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయాలి. మొదటిసారి కనెక్ట్ అయ్యేటప్పుడు కనిపించే ఫింగర్‌ప్రింట్‌ను అడ్మిన్‌తో సరిచూసుకున్నాకే 'యస్' కొట్టాలి.
* హెచ్‌టీటీపీఎస్ (పోర్టు 443): విద్యార్థులు ఎక్కువమంది ఉంటే ఇది అనుకూలం. పాస్‌వర్డ్‌కు బదులు గడువున్న టోకెన్ ఇవ్వాలి. కోడ్ పంపడానికి అకౌంట్ పాస్‌వర్డ్ వాడటాన్ని గిట్‌హబ్ 2021 ఆగస్టు 13నే ఆపేసింది. సొంత డొమైన్ ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచితంగా సర్టిఫికెట్ వస్తుంది. దాని గడువు తక్కువే కాబట్టి ఆటోమేటిక్‌గా రెన్యువల్ అయ్యేలా పెట్టుకోవాలి.

ఎస్ లేని హెచ్‌టీటీపీ మాత్రం అస్సలు వద్దు. అదే వైఫైలో ఉన్నవాళ్లు పాస్‌వర్డ్ పట్టేయొచ్చు.

పేరు చూసి నమ్మొద్దు

గిట్‌లో ఎవరైనా సెట్టింగ్ మార్చుకుని వేరొకరి పేరుతో కమిట్ చేయొచ్చు. సర్వర్ లాగిన్‌కు, కమిట్ మీద కనిపించే పేరుకు సంబంధం లేదు. ముఖ్యమైన ప్రాజెక్టుల్లో కమిట్లకు డిజిటల్ సంతకం తప్పనిసరి చేయాలి. మెయిన్ బ్రాంచ్‌లోకి మార్పు వెళ్లే ముందు ఇంకొకరు చూడాలి.

ఇవి మర్చిపోవద్దు

* వెబ్ లాగిన్‌కు టూ ఫ్యాక్టర్ ఆన్ చేయండి.
* చదువు పూర్తయి వెళ్లిపోయిన వాళ్ల కీలు, టోకెన్లు వెంటనే తీసేయండి.
* ఎస్ఎస్‌హెచ్, హెచ్‌టీటీపీఎస్ కాపాడేది దారిలోనే. కంప్యూటర్ దొంగతనానికి గురైతే డిస్క్ ఎన్‌క్రిప్షనే దిక్కు. ఆ కీ పోతే డేటా కూడా పోయినట్టే. దాన్ని వేరే చోట భద్రంగా ఉంచండి.
* బ్యాకప్ ఇంకో చోట ఉండాలి, దాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయాలి. అప్పుడప్పుడు తెరిచి పనిచేస్తోందో లేదో చూడాలి.

ఇవన్నీ చూసుకునే మనిషి ఒకరు ఉంటేనే సొంత సర్వర్ పెట్టండి. అప్‌డేట్లు లేకుండా వదిలేసిన సర్వర్ కంటే బయటి సర్వీసే నయం.