‘కుక్క ఉన్నది జాగ్రత్త’

మా చిన్నప్పుడు సంగారెడ్డిలో ఒక ఆఫీసరు గారి బంగళా గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని బోర్డు ఉండేది. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి బోర్డుల్లో అదొకటి. గేటు సందుల్లోంచి కనబడే అల్సేషియన్‌ని మేము ‘పోలీసు కుక్క’ అనేవాళ్ళం. బడికి వెళ్ళేటప్పుడు ఆ గేటు దగ్గర పడగానే రోడ్డుకి అవతలి పక్కకు మారేవాళ్ళం. ఆ కుక్క ఎవరినైనా కరిచినట్టు నాకు గుర్తు లేదు. మా అమ్మమ్మను కరిచింది మాత్రం జహీరాబాద్ దగ్గర వాళ్ళ ఊళ్ళో, రోజూ అరుగు మీద పడుకుని ఆమె వేసిన ముద్ద తినే, పేరు కూడా లేని కుక్క.

అమ్మమ్మకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పడ్డాయి. పొలం పనులు వదిలేసి రోజూ బస్సెక్కి దవాఖానకు వెళ్ళి రావడం, వాచిపోయిన పొట్టతో మళ్ళీ పొయ్యి ముందు కూర్చోవడం ఇంట్లో అందరికీ గుర్తే. ఆ మందు గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు 1911లో కసౌలీలో రూపొందించిన ఆ టీకా మన దేశంలో 2004 చివరిదాకా నడిచింది. ఇంత బాధ పడ్డా అమ్మమ్మ ఆ కుక్కని ఎన్నడూ తిట్టలేదు. “దానికి పిచ్చి లేసింది, అదేం జేస్తది బిడ్డా” అనేది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో ఒక కాలపు అవగాహన మొత్తం ఉందనిపిస్తుంది. వాళ్ళ తరానికి కుక్కలో ప్రమాదం అంటే రోగం. పిచ్చికుక్క అనే మాట ఉంది కానీ ప్రమాదకరమైన జాతి అనే మాట వాళ్ళ నోట రాలేదు. ఆ భయం రోగం మీంచి జాతి మీదికి, జాతి మీంచి వీధి మీదికి ఎలా మారిందో చూడాలని ఈ వ్యాసం. ఎందుకంటే ‘ఇది ప్రమాదకరం’ అని పేరు పెట్టే అధికారం ఎవరిదనే ప్రశ్న మన ఆడవాళ్ళకు కొత్తది కాదు.

ఏ జాతి భయంకరమైనది అనే జాబితా కాలానికో తీరుగా మారుతూ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో భయపెట్టే పేరు బ్లడ్‌హౌండ్. పారిపోయే నల్లజాతి బానిసలను వెంటాడి పట్టుకోవడానికి యజమానులు కుక్కలను తర్ఫీదు చేసి వదిలేవారు. హారియెట్ బీచర్ స్టో 1852లో అచ్చువేసిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ నవలలో, ఎలిజా బిడ్డను ఎత్తుకుని నది మీది మంచుగడ్డల మీదుగా పరిగెత్తే ఘట్టంలో కుక్కలు లేవు. నవలను ఊరూరా ఆడిన నాటకాలవాళ్ళు ఆ సన్నివేశంలోకి కుక్కలను తెచ్చారు. ఒక తల్లి పరుగు వెనక ఉన్న బానిస చట్టం వెనక్కిపోయి, రంగస్థలం మీద మొరిగే కుక్క ముందుకొచ్చింది. జనం భయం కూడా దాని మీదే నిలబడింది.

తరువాత వంతు మా ‘పోలీసు కుక్క’ది. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రుదేశం పేరు ఉందన్న కారణంతో బ్రిటన్‌లో 1919లో జర్మన్ షెపర్డ్‌కి అల్సేషియన్ అని పేరు మార్చారు. 1977లో గానీ పాత పేరు తిరిగి రాలేదు. ఇది తోడేలు సంకరమనీ, గొర్రెల మందలను నాశనం చేస్తుందనీ ఆస్ట్రేలియా 1929లో దాని దిగుమతిని నిషేధించింది. ఆ నిషేధం 1970ల దాకా సాగింది. అదే కుక్క మన దగ్గర ప్రభుత్వోద్యోగానికీ, క్రమశిక్షణకూ గుర్తయింది. నేరం జరిగిన చోటికి ‘జాగిలాలు’ వచ్చాయని పత్రికలు గౌరవంగా రాస్తాయి. ‘కుక్కలు’ అని రాయవు.

పిట్‌బుల్ కథ ఇంకా విచిత్రం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆ రకపు కుక్క అమెరికా దేశభక్తి పోస్టర్ల మీద ధైర్యానికి గుర్తు. 1980లకు వచ్చేసరికి అది పేద నగరవాడల కుక్క, నల్లజాతి యువకుల కుక్క, నేరగాళ్ళ కుక్కగా పత్రికల్లోకెక్కింది. కుక్క మీద పడ్డ నింద ఎంత భాగం దానిది, ఎంత భాగం దాన్ని పెంచుకునే మనుషుల మీద ఉన్న జాత్యహంకారానిది అని బ్రాన్‌వెన్ డిక్కీ 2016లో ఒక పుస్తకమే రాసింది. డెన్వర్ నగరం 1989లో పిట్‌బుల్‌ని నిషేధించి, 2020లో ప్రజల ఓటుతో ఆ నిషేధాన్ని ఎత్తేసి అనుమతి పద్ధతి పెట్టింది. బ్రిటన్ 1991లో నాలుగు రకాలను నిషేధిస్తూ హడావుడిగా చట్టం చేసింది. ముప్ఫై ఏళ్ళ తరువాత మరో రకాన్ని, ఎక్స్‌ఎల్ బుల్లీని, అందులో చేర్చవలసి వచ్చింది.

మరి జాతిలో ఏమీ లేదా? ఉంది. బరువైన దవడ ఉన్న కుక్క కరిస్తే గాయం లోతుగా ఉంటుంది. ఆ మాట దాచనక్కరలేదు. కానీ 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన 18 వేలకు పైగా కుక్కల వివరాలు సేకరించి, ఒక్కో కుక్క స్వభావంలో కనబడే తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమేనని తేల్చింది. మిగిలింది పెంపకం, వయసు, కట్టేసి ఉంచారా తిరగనిచ్చారా, ఆకలి, భయం వంటి వాటిలో వెతుక్కోవాలి.

ఇక మా ప్రాంతానికొస్తాను. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు వచ్చాయి. జొన్న, కంది పండిన నేలల చుట్టూ ప్రహరీ గోడలు లేచాయి. గోడ ఉంటే గేటు, గేటు ఉంటే వాచ్‌మన్, వాచ్‌మన్ పక్కన గొలుసుతో డాబర్‌మన్. నేను కాలేజీకి వచ్చేనాటికి భయం పేరు అల్సేషియన్ నుంచి డాబర్‌మన్‌కి మారింది. హైదరాబాద్ ఇటు పెరిగి విల్లాలు వచ్చాక రాట్‌వైలర్ అయింది. ఈ మధ్యలోనే 2003లో హచ్ ప్రకటన వచ్చి, ముడతల ముఖం పగ్‌ని ‘హచ్ కుక్క’గా ప్రతి ఇంటికీ ముద్దు చేసింది. ఒక ప్రకటన ఒక జాతిని ముద్దు చేయగలిగినట్టే, ఒక వార్త మరో జాతిని రాక్షసిని చేయగలదు.

2022 జూలైలో లక్నోలో ఒక రిటైర్డ్ టీచరు, 82 ఏళ్ళావిడ, ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్ దాడిలో చనిపోయింది. ఇలాంటి ఘటనల తరువాత 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకాలను ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ జాబితా చదివితే ఆశ్చర్యం వేస్తుంది. టోసా ఇను అని ఒకసారి, జపనీస్ టోసా అని మరోసారి, ఒకే కుక్క రెండు పేర్లతో ఉంది. ‘టెర్రియర్లు’ అని గుండుగుత్తగా ఒక మాట ఉంది. ఒళ్ళో పట్టే బుల్లి టెర్రియర్లు కూడా అందులోకే వస్తాయి. సంబంధితులను సంప్రదించలేదని కర్ణాటక హైకోర్టు ఆ ఏప్రిల్‌లోనే దాన్ని కొట్టేసింది.

పుట్టుకను బట్టి ప్రమాదాన్ని నిర్ణయించే జాబితా అనగానే నాకు 1871 నాటి నేరస్థ జాతుల చట్టం గుర్తొస్తుంది. మనుషులను కుక్కలతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఆ అవమానం ఎరుకల వంటి సమాజాలు చాలానే పడ్డాయి. నేను పోలుస్తున్నది జాబితా రాసే చేతిని. 1952 దాకా నడిచిన ఆ చట్టం కూడా ఒక మనిషి ఏం చేశాడని అడగలేదు, ఎవరి కడుపున పుట్టాడని అడిగింది. తెలుగులో ‘జాతి’ అన్న మాట కులానికీ, దేశానికీ, కుక్కకూ ఒకటే కావడం ఊరికే కాదు. ‘జాతికుక్క’ అంటే ధర పలికే కుక్క. ఆ ధర నిలవాలంటే ఆడకుక్క గర్భానికి కాపలా ఉండాలి. ఈతకు ఈతకు మధ్య తెరిపి లేకుండా షెడ్లలో పిల్లలను కనే ఆ ఆడకుక్కల సంగతి కొనేవాళ్ళకు పట్టదు. శుద్ధత అనే మాట ఎక్కడ వినబడినా దాని బరువు మోసేది ఒక ఆడ శరీరమే.

లేఖ వచ్చిన మూడు నెలలకే, 2024 జూన్‌లో, పటాన్‌చెరు మండలం ఇస్నాపూర్ ప్రాంతంలో బీహార్ నుంచి వలస వచ్చిన కూలీల ఆరేళ్ళ కొడుకుని వీధి కుక్కలు చంపేశాయి. అంతకు ముందు 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో చనిపోయిన నాలుగేళ్ళ బాబు తండ్రి సెక్యూరిటీ గార్డు. ఎవరి ఆస్తికో కాపలా కాసే మనిషి. ఆ వార్తతో రాష్ట్ర హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఈ రెండు చోట్లా కరిచిన కుక్కలు 23 జాతుల్లో ఏ ఒక్కటీ కావు. పోయిన పిల్లలిద్దరూ పొట్ట చేతపట్టుకుని ఊరు దాటి వచ్చినవాళ్ళ పిల్లలు.

ఇస్నాపూర్ నుంచి పాశమైలారం వైపు తెల్లవారుజామున షిఫ్టుకు నడిచే ఆడవాళ్ళతో ఒకసారి మాట్లాడాను. రేషన్ గోనెసంచిలో కట్టె పట్టుకుని వెళ్ళే ఒకామె అంది: “గొలుసు కుక్కకేం మేడం, గేటు తీసేటోని చేతిల ఉన్నది. రోడ్డు మీద కుక్కలకు గేటు లేదు. ఆ పొద్దుల లైటు లేదు. కరిస్తె నాలుగైదు సార్లు దవాఖానకు తిరగాలె. ఎన్ని హాజర్లు పోతయి?” మాంసం వ్యర్థాలు రోడ్డు పక్క పోస్తారు, చెత్తబండి వారాల తరబడి రాదు, ఆపరేషన్ చేసి టీకాలు వేయాల్సిన కుక్కలు ఏటికేడు పెరుగుతాయి. 2001లో వచ్చిన కుక్కల జనన నియంత్రణ నియమాలు 2023లో కొత్తగా వచ్చాయి. ఆమె నడిచే రోడ్డు దాకా అవి ఇంకా రాలేదు. అన్నం మిగిలితే ఆ కుక్కలకే వేసేదీ ఇలాంటి ఆడవాళ్ళే. పిల్లవాణ్ణి కరిస్తే, నువ్వు తిండి పెట్టబట్టే ఇదంతా అని మాటలు పడేదీ వాళ్ళే.

ఈ నేల మీద ప్రమాదం అన్న మాటకు ఇంకో చరిత్ర కూడా ఉంది. నక్కవాగులో కలిసిన రసాయనాల మీద ఇక్కడి ఊళ్ళ గోడు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కర్మాగారం పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఆ గేట్ల మీద ఏ ‘జాగ్రత్త’ బోర్డు ఉండేదో, ఎవరి కోసమో ఆలోచిస్తే బాధేస్తుంది.

నన్నయ భారతం ఆదిపర్వం మొదట్లోనే ఒక తల్లి కుక్క ఉంది. సరమ. యాగశాలలో ఆడుకుంటున్న ఆమె బిడ్డను జనమేజయుడి తమ్ములు కొడతారు. ఆమె నేరుగా రాజు దగ్గరకు వెళ్ళి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడుగుతుంది. నీకు అనుకోని భయం వస్తుందని చెప్పి వెళ్ళిపోతుంది. అంత పెద్ద ఇతిహాసం ఒక తల్లి ఫిర్యాదుతో మొదలవుతుంది. మా అమ్మమ్మకు నన్నయ తెలియదు. అయినా కరిచిన కుక్కకి ఏమైందని అడిగింది. ఇస్నాపూర్ రోడ్డు మీద కట్టె పట్టుకుని నడిచే ఆమె లైటు ఎందుకు లేదని అడుగుతోంది. 23 పేర్ల జాబితాలో ఆమె ప్రశ్నకు జవాబు లేదు.